ఒక డ్రమ్ము ఉడికేంత సేపు

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు. ఆ సామెత కట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, ఆకులు కాదు నీళ్లు పట్టుకోండి అని ఒక్క ముక్క చెప్పిపోయుంటే, ఆ రోజు మా పొలంలో అంత యుద్ధం జరిగేది కాదు.

సిరికొండ దగ్గర మా ఊళ్లో మాఘమాసం వచ్చిందంటే ఎవరి నోట విన్నా పసుపు ఉడకబెట్టే మాటే. బాయిలర్ ఒక్కటి, పొలాలు బోలెడు. ఎర్రన్న దాన్ని ట్రాక్టరుకు తగిలించుకుని వంతుల ప్రకారం తిప్పుతుంటాడు. కట్టెల మంట మీద బాయిలర్‌లో నీళ్లు మరుగుతాయి, ఆ ఆవిరి పైపుల్లోంచి పసుపు కొమ్ములు నింపిన పెద్ద డ్రమ్ముల్లోకి పోతుంది. ఒక డ్రమ్ము ఉడకడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటాడు ఎర్రన్న. గడియారం మాత్రం చూడడు. ఆవిరి వాసన మారితే ఆయనకు తెలిసిపోతుందట. అప్పుడు డ్రమ్మును ఒరిగిస్తారు. కొమ్ములు, వాటి వెంట మరిగిన పచ్చటి నీళ్లు కిందికి జారతాయి.

ఆ నీళ్లు మా హర్షిణి చేతి మీద పడ్డాయి.

ఆదివారం, బడి లేదు. బాపుకు చాయ్ ఇచ్చొస్తానని ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. మా ఆయన విష్ణు అవతలి పక్క నిలబడి డ్రమ్ము ఒరిగిస్తున్నాడు. ఆవిరిలో ఆయనకు పిల్ల కనిపించలేదు, పిల్లకు డ్రమ్ము కనిపించలేదు. "బాపూ, చాయ్" అని కుడిచెయ్యి ముందుకు చాపింది. మోచేతి దగ్గర్నుంచి వేళ్ల దాకా పడ్డాయి. ముందు అరవలేదు. నోరు తెరిచి, తప్పు చేసినదానిలా నా వైపు చూసింది. ఆ తర్వాత అరిచింది. ఎనిమిదేళ్ల పిల్ల అంత గట్టిగా అరవగలదని కన్నదాన్ని నాకే తెలియదు.

నేను పరిగెత్తి ఎత్తుకునే లోపల ఎర్రన్న అంబులెన్సుకు ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. అవతల ఒక ఆడమనిషి మాట్లాడింది. ఏమైందని అడిగింది, నేనేదో చెప్పాను.

"అమ్మా, జాగ్రత్తగా వినండి. చెయ్యి వెంటనే పారే నీళ్ల కింద పెట్టండి. ఇరవై నిమిషాలు, తక్కువ కాకుండా. ఐసు వద్దు. పసుపు, పేస్టు, నెయ్యి, ఏదీ రాయొద్దు. గాజులు, దారాలు, చేతికి ఏమున్నా ఇప్పుడే తీసేయండి, చెయ్యి వాస్తుంది. మిగతా ఒళ్లు చల్లబడకుండా ఏదైనా కప్పండి."

బండి ఒక కాన్పు కేసుకు వెళ్లిందని, మాకు వేరే బండి ఉంటే నీళ్లు పోశాకే బయల్దేరమని చెబుతుండగా ఫోన్ తెగింది. మా గుట్టల మధ్య సిగ్నల్ అత్తారింటికి వచ్చిన అల్లుడి లాంటిది. దాని ఇష్టమున్నప్పుడే పలుకుతుంది. మళ్లీ చేస్తే కలవలేదు.

బోరు నీళ్లు హౌజులో, అంటే మా సిమెంటు తొట్టిలో, పడుతున్నాయి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తొట్టి గట్టు మీద కూర్చున్నాను. దాని చెయ్యి పైపు కింద పెట్టాను. రెండు ప్లాస్టిక్ గాజులుంటే లాగి పారేశాను.

అప్పుడు వచ్చింది మా అత్త హన్మవ్వ. మనిషి పిడికెడంత, గొంతు ఊరంత. ఆ పిడికెడు మనిషి పిడికిట్లో పసుపుపొడి ఉంది.

"నీళ్లు వోస్తున్నవేందే? కాలినదానికి నీళ్లు తాకితే బొబ్బలు లేస్తయ్. తియ్యి చెయ్యి."

"ఫోన్ల చెప్పిండ్రు అత్తా. నీళ్లే పొయ్యాల్నంట. పసుపు పెట్టొద్దంట."

"ఫోన్ల చెప్పినామె పిల్లను సూసిందా? దేశమంత దెబ్బ తాకితే మన పసుపే పెట్టుకుంటది. పండిచ్చినోళ్ల పిల్లకే పనికిరాదా?"

నేను ఇంటర్ దాకా చదివాను, కాలిన చేతి గురించి ఆ పుస్తకాల్లో ఎక్కడా లేదు. మా అమ్మా అలాగే చెప్పేది, కాలిన చోట నీళ్లు తగలనీయొద్దని. పుట్టింట్లో, అత్తింట్లో, మా ఊళ్లో, పక్క ఊళ్లో అందరూ ఒక వైపు. నా వైపు ఉన్నది పేరు కూడా తెలియని ఒక గొంతు, అదీ మధ్యలో తెగిపోయింది. నేను తప్పయితే నా బిడ్డ చెయ్యి పోతుంది, ఆ పాపం బతికినన్నాళ్లు నా మెడకు వేలాడుతుంది. అంత భయం నాకు పురిటి మంచం మీద కూడా వెయ్యలేదు.

అయినా చెయ్యి తియ్యలేదు. ఎందుకంటే, నీళ్లు పడుతున్నంత సేపు పిల్ల ఏడుపు కొంచెం తగ్గుతోంది. నీటిధార పక్కకు జరిగితే పెరుగుతోంది. నాకు దొరికిన సాక్ష్యం అదొక్కటే.

అత్త పిల్ల రెండో చెయ్యి పట్టుకుని లాగింది. నేను నడుము పట్టుకుని ఇటు లాగాను. మధ్యలో పిల్ల "అవ్వా, అమ్మా" అని ఇద్దరినీ పిలుస్తోంది. విష్ణు అక్కడే నిలబడ్డాడు. తల్లి మాట, పెళ్లాం మాట ఏదీ ఆయన చెవికి ఎక్కుతున్నట్టు లేదు. నేనే ఒరిగిచ్చిన, నేనే ఒరిగిచ్చిన అని గొణుగుతున్నాడు.

ఆ లాగులాటలో నా వేళ్లకు దారం తగిలింది.

ఆ దారం సంగతి చెప్పాలి. హర్షిణి ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. నిజామాబాద్ దవాఖానలో రెండు రోజులు పడి ఉంటే, మా అత్త చెప్పుల్లేకుండా గుట్టెక్కి అమ్మవారికి మొక్కి, తాయత్తు కట్టిన ఎర్రదారం తెచ్చి దాని కుడిచేతికి కట్టింది. పిల్ల బతికింది. డాక్టరు సూదుల వల్ల బతికిందని నేను, దారం వల్ల బతికిందని ఆమె, ఎవరి లెక్క వాళ్లం మనసులో పెట్టుకున్నాం. పాతది తెంపకూడదు, పుట్టినరోజుకు ఒక కొత్త పోగు దాని మీదే చుట్టాలి, అది మా అత్తవాళ్ల ఆనవాయితీ. అలా ఏడాదికొక పోగు చేరి ఆ దారం పశువు పలుపంత మందమైంది. స్నానం చేయిస్తే అది ఆరడానికి మధ్యాహ్నమయ్యేది.

ఇప్పుడు ఆ దారం మరిగిన పసుపు నీళ్లు పీల్చుకుని మణికట్టుకు అంటుకుని ఉంది. దారాలు తీసేయమని ఫోన్‌లో ఆమె చెప్పింది. నేను ముడి వెతికాను.

మా అత్త పిల్ల చెయ్యి వదిలేసి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఈసారి ఆమె అరవలేదు.

"స్నేహా, గది ముట్టకు. గది తెగిన నాడు పిల్లకు గండమని చెప్పి కట్టిండ్రు. తెంపినవంటే ఇగో, గీ బాయిల దుంకుత. నా కొడుకు మీద ఒట్టు."

బావి పది అడుగుల దూరంలో ఉంది. దూకే మనిషే ఆమె. మాట అంటే చేసి తీరుతుంది, అదే ఆమెతో వచ్చిన చిక్కు. ఒక పక్క పైపు నీళ్లు, ఒక పక్క బావి, ఒళ్లో గిలగిల కొట్టుకుంటున్న బిడ్డ. నాకు ఉన్నవి రెండు చేతులు.

"సరే అత్తా," అన్నాను. "దారం ముట్ట. నువ్వు నీళ్లకు అడ్డం రాకు."

ఆమె పిడికిట్లోని పసుపుపొడి దులిపేసింది. వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చుని, నేను మాట తప్పుతానేమోనని తాయత్తును రెండు వేళ్లతో పట్టుకుంది. నీళ్లు ముగ్గురి మీదా పడుతున్నాయి.

"ఎంత సేపు పొయ్యాల్నంట చెల్లె?" అని ఎర్రన్న అడిగాడు.

"ఇరవై నిమిషాలంట అన్నా."

"ఇంకో డ్రమ్ముకు ఇప్పుడే ఆవిరి ఇడిసిన. గది దిగెదాక పట్టు. గంతే ఇరవై."

డ్రమ్ము ఉడకడానికి అంత సేపు పడుతుందని పసుపు రైతు ఇంట్లో పదేళ్లు బతికినా నాకు తెలియలేదు. రోజూ అయ్యో అప్పుడే ఉడికిందా, కల్లంలో చోటు లేదే అనుకునేదాన్ని. ఆ రోజు డ్రమ్ములోంచి పచ్చి వాసనే వస్తోంది, ఎంతకూ మారదు. కూలికి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఒకామె పేస్టు తెస్తానంది. ఇంకొకామె కోడిగుడ్డు సొన మంచిదంది. సలహాకు కూలి ఇవ్వక్కర్లేదు కదా. వాళ్లలో గంగుబాయి ఒక్కతే నోరు మూసుకుని తన గొంగడి తెచ్చి పిల్ల వీపు చుట్టూ కప్పింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. పిల్ల పళ్లు కొట్టుకోవడం చూసింది, కప్పింది.

"అమ్మా, సలి వెడుతుంది. సాలమ్మా," అంటోంది హర్షిణి.

"ఇంకొంచెం బిడ్డా."

"నీకు దండం వెడత అమ్మా, ఇడిసిపెట్టు."

కన్నబిడ్డ దండం పెడతానంటే వదలకుండా పట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ ఫోన్‌లో ఆమె మీద కోపం వచ్చింది. ఇరవై అన్నదా, పది అన్నదా అని అనుమానం కూడా వచ్చింది. పది అయ్యుంటే ఎంత బాగుండు అనుకున్నాను.

అంతలో మోటరు ఆగింది. కరెంటు పోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. పైపులోంచి నాలుగు చుక్కలు కారి ఊరుకున్నాయి. పిల్ల మళ్లీ కేక పెట్టింది.

"సాలు తియ్యి స్నేహా, బండి తీస్త, పోదాం," అన్నాడు విష్ణు. గొణుగుడు మాని ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"డ్రమ్ము దిగిందా?"

"దిగలే గని..."

"దిగలేదంటే దిగలేదు."

గంగుబాయి చెంబు తీసుకుని తొట్టిలోంచి ముంచి పోయడం మొదలుపెట్టింది. ముంచడం, పోయడం, ముంచడం, పోయడం. ఆమె చెయ్యి నొప్పి పుడితే ఎర్రన్న తీసుకున్నాడు. మా అత్త మాత్రం కదల్లేదు, తాయత్తు వదల్లేదు. ఆమె చీర తడిసి ముద్దయింది. పెదవులు ఆడిస్తూ మొక్కుతోంది. నేను కూడా మొక్కుతున్నాను, దేవుడికి కాదు, డ్రమ్ముకు. జల్ది ఉడుకు తల్లీ, జల్ది ఉడుకు.

అప్పటికి చేతి మీద బొబ్బలు లేచాయి. మోచేతి కింద ఒకటి, వేళ్ల వెనక రెండు.

"సూసినవా? చెప్పిన్నా లేదా?" అంది అత్త. గెలిచిన గొంతు కాదు అది. ఏడుస్తూ అంది.

అవి నీళ్ల వల్ల లేచాయా, వేడి వల్ల లేచాయా, ఆ క్షణాన నాకూ తెలియదు. అయ్యో, చేసింది నేనే కాబోలు అనుకున్నాను. అయినా చెంబు ఆపమనలేదు.

చివరికి ఎర్రన్న ముక్కు ఎగబీల్చి, "ఉడికింది," అన్నాడు.

ఉతికి పెట్టెలో పెట్టిన మామగారి ధోవతి విష్ణు ఇంట్లోంచి తెస్తే, చెయ్యి మీద వదులుగా కప్పాను. పసుపు బస్తాలు వేసుకుపోయే మా ట్రాలీ ఆటోలో వెనక గోనెసంచుల మీద నేను, అత్త, మధ్యలో పిల్ల. విష్ణు నడిపాడు. గుంత వచ్చినప్పుడల్లా పిల్ల మూలిగేది, అత్త కొడుకును తిట్టేది. ఆ తిట్లు వింటుంటే నాకు కొంచెం ధైర్యంగా ఉండింది. తిడుతోందంటే ఇంకా లోకం మామూలుగానే ఉందన్నమాట.

సగం దారిలో హర్షిణి ఏడుపు ఆపింది. నొప్పి తగ్గిందేమో అనుకున్నాను.

"అవ్వా, నా ఏళ్లు తెలుస్తలెవ్వు," అంది.

ధోవతి ఎత్తి చూశాను. చెయ్యి వాచిపోయింది. దారం వాపులోకి దిగబడి సగం కనిపించడం లేదు. వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి. పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, నీళ్ల చల్లదనం కాదు. నేను మా అత్త ముఖంలోకి చూశాను. మాట ఇచ్చాను, కాబట్టి నోరు తెరవలేదు. తెరవాల్సిన అవసరం కూడా రాలేదు.

"విష్ణూ, బండి ఆపు," అంది. "సంచులు కోసే కత్తెర ఇయ్యి."

ఆయన తెచ్చాడు. నేను చెయ్యి చాపితే ఆమె ఇవ్వలేదు.

"కట్టిన చెయ్యే తెంపాలె," అంది.

కత్తెర మొన లోపలికి పెట్టడానికి సందు లేదు. పై పోగు నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్క పోగే తెంపుతూ, ఇది పోయిన ఏడుది, ఇది బడిల ఏసిన నాటిది, ఇది అంగన్‌వాడీల పడి పన్ను ఇరిగిన ఏడుది అని తనలో తాను చెప్పుకుంటోంది. చివరి పోగు, జ్వరం నాటిది, చర్మానికి అతుక్కుని ఉంది. దాన్ని తెంపి, తాయత్తుతో సహా తీసి నడుము దగ్గర చీరలో దోపుకుంది. కాసేపటికి వేళ్ల కొసలకు ఎరుపు తిరిగింది. పిల్ల మళ్లీ ఏడ్చింది. మేమిద్దరం కూడా ఏడ్చాం, సంతోషంతోనే అనుకుంటాను.

నిజామాబాద్‌ కంఠేశ్వర్‌లో ఒక దవాఖానలో చేర్చాం. డాక్టరమ్మ చూసి, కట్టు కట్టి, నీళ్లు ఎంత సేపు పోశారని అడిగింది.

"ఒక డ్రమ్ము ఉడికేంత సేపు," అన్నాను. ఆమెకు అర్థం కాక నర్సు ముఖం చూసింది.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. మా అత్త మంచం కాళ్ల దగ్గర నిలబడింది. రాత్రంతా కూర్చునే ఉంది, పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. గంటలు గడిచేకొద్దీ నన్ను కాదు, తననే నిందించుకుంటోందని నాకు తెలుస్తోంది. దారం తెంపింది కదా, ఇక ఏ గండం వస్తుందోనని.

డాక్టరమ్మ ఒక సన్నని సూది తీసుకుని చెయ్యి మీద అక్కడక్కడ మెల్లగా తాకిస్తూ వచ్చింది. మోచేతి దగ్గర తాకితే పిల్ల "అబ్బా" అంది. వేళ్ల మీద తాకితే చెయ్యి లాక్కుంది. అక్కడంతా చర్మం ఎర్రగా, తడిగా ఉంది. మణికట్టు చుట్టూ మాత్రం, దారం ఉన్న మేర, తెల్లగా గాజులా ఒక వలయం ఉంది. అక్కడ సూది తాకించింది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఇక్కడ నొప్పిగా ఉందా?"

"లేదు."

మళ్లీ తాకించింది, కొంచెం గట్టిగా.

"ఏం తెలుస్తలేదు," అంది హర్షిణి.

మా అత్త ముఖం ఒక్కసారిగా విప్పారింది. రెండు చేతులు జోడించింది. "సూసినవా స్నేహా? దారం ఉన్నకాడ నొప్పి లేదంట. గా తల్లి సల్లగ సూసింది. తెంపినా గని కాపాడింది."

నేను డాక్టరమ్మ ముఖం చూశాను. ఆమె సూది పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"పెద్దమ్మా, నొప్పి ఉన్నచోట చర్మం బతికుంది. అదంతా మానుతుంది, మచ్చ కూడా పెద్దగా ఉండకపోవచ్చు. నీళ్లు బాగా పోశారు. నొప్పి తెలియని చోట లోపలి దాకా కాలింది. దారం వేడినీళ్లు పట్టుకుని ఉంది, దాని కిందికి చల్లనీళ్లు పోలేదు. అక్కడ దానంతట అది చర్మం రాదు. వేరే చోట నుంచి తీసి అతకాలి."

జోడించిన చేతులు దించకుండానే అత్త అడిగింది.

"నాది తీస్కోండ్రి బిడ్డా. ముసలిది గని నా తోలు గట్టిది."

"ఎవరిది వాళ్లకే అతుకుతుంది పెద్దమ్మా. పాప తొడ మీద నుంచే తీయాలి."

మా అత్త నన్ను తిట్టలేదు, తనను తిట్టుకోలేదు. మంచం పక్క నుంచి నడిచి వార్డు మూల చేతులు కడుక్కునే తొట్టి దగ్గరికి వెళ్లింది. చీరలో దోపుకున్న దారం బయటికి తీసింది. తెగిన పోగులన్నీ ఒక చేతిలో పట్టుకుని, రెండో చేత్తో పంపు తిప్పి, దారాన్ని నీళ్ల కింద పెట్టింది.

నీళ్లు పచ్చగా కారాయి, తర్వాత ఎర్రగా, తర్వాత మామూలుగా. ఆమె అలాగే నిలబడింది. చేతులు కడుక్కోవడానికి వచ్చిన వాళ్లు వెనక ఆగారు, సాలు తియ్యమ్మా అన్నారు ఒకరిద్దరు. విష్ణు లేవబోతే నేను ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాను.

ఒక డ్రమ్ము ఉడికేంత సేపు ఆమె దారాన్ని నీళ్ల కింద పట్టుకునే ఉంది. చాలత్తా అని నేను అనలేదు.